దోమతో జుగల్‌బందీ

జాజ్‌నూ జానపదాన్నీ ఎలక్ట్రానిక్ సంగీతాన్నీ ఒకే పాటలో ఇమిడ్చేవారు పాట కట్టడంకంటే పంచాయతీలు తీర్చడంలోనే ఎక్కువ కాలం గడుపుతారు. మా బృందంలో కీబోర్డు వాయించే పెద్దమనిషి ఆ పంచాయతీకి అడవిని మధ్యవర్తిగా పిలవాలని నిశ్చయించాడు. ఒక రాత్రంతా అక్కడి చప్పుళ్ళను రికార్డు చేసి, వాటిమీద పాట కడితే ఏ పక్షమూ నోరెత్తదని ఆయన సిద్ధాంతం. ఫ్రెంచి స్వరకర్త ఒలివియే మెస్సియా పక్షుల కూతలను విని కాగితంపై స్వరాలుగా రాసుకున్న సంగతి ఆయనే మాకు చెప్పాడు. కాగితానికి బ్యాటరీ అక్కర్లేదన్న సంగతి మాత్రం చెప్పలేదు.

మైక్రోఫోనుకు బొచ్చు తొడుగు లేకపోతే గాలి లోపలి పలుచని పొరను నేరుగా బాదుతుంది. ఆ తొడుగు ఇంట్లోనే ఉండిపోయింది. వినిపిస్తున్న గుడగుడను వదిలించుకోవడానికి 100 హెర్ట్జ్‌కు, అంటే సెకనుకు నూరు కంపనాలకు, దిగువనున్నదంతా కోసివేస్తే, దానితోపాటు సెలయేటి గాంభీర్యమూ కొట్టుకుపోయి, కట్టేయడం మరచిన కుళాయి లాంటిదొకటి మిగిలింది.

అసలు రభస కీచురాళ్ళతో మొదలైంది. తొలిజామున అవి ఎంత నిలకడగా పాడాయంటే, కీబోర్డాయన వాటి లయకే డ్రమ్ మెషిన్‌ను సరిచేసి, దానిపై జాజ్ బేసునూ జానపద డోలునూ పరిచాడు. తీరా వేకువజాము రికార్డింగును రెండో చరణానికి అతికించేసరికి కీచురాళ్ళు వెనకబడ్డాయి. డోలాయన మెషిన్‌ను తిట్టాడు, బేసు వాయించేవాడు డోలాయనను తిట్టాడు. నిజానికి కీచురాళ్ళు శీతల రక్త జీవులు. చలి పెరిగేకొద్దీ వాటి కూత నెమ్మదిస్తుంది. ఆ కూతలను లెక్కపెట్టి ఉష్ణోగ్రతను చెప్పే సూత్రాన్ని అమెరికా భౌతికశాస్త్రవేత్త ఆమోస్ డాల్‌బేర్ 1897లోనే ప్రచురించాడు. ఆ లెక్కన మేము ఇన్నాళ్ళూ థర్మామీటరుకు తాళం వేస్తున్నామన్నమాట! సాఫ్ట్‌వేరుతో వాటిని తొందరపెట్టి చూస్తే గొంతులో ఇనుము మొలిచింది.

శ్రుతి విషయంలో అదృష్టం కలిసివచ్చిందనే అనుకున్నాం. అర్ధరాత్రి రికార్డింగులో సన్నని ఏకనాదం ఒకటి తంబూరాలా పట్టుకొని వినిపించింది. అదే అడవి ఆధారషడ్జమని కీబోర్డాయన కళ్ళు మూసుకొని ప్రకటించాడు. లోకమంతా ఒప్పుకున్న 440 హెర్ట్జ్‌కు వయొలిన్ శ్రుతి చేసుకొచ్చిన ఆవిడ, ఆ నాదం కాస్త పైన ఉందని ఎంత మొత్తుకున్నా, అడవి దిగిరాదు గనుక మనమే ఎక్కాలని తీర్మానించి, వాద్యాలన్నిటినీ బిగించాం. ఆ షడ్జమం క్రమంగా దగ్గరకు వచ్చింది, కొద్దిగా వణికింది, ఆ వెంటనే ‘ఛట్’మని మోగిన చప్పుడుతో శాశ్వతంగా ఆగిపోయింది. ఆడదోమ రెక్కలు సెకనుకు కొన్ని వందల సార్లు కొట్టుకుంటాయని వయొలిన్ ఆవిడ అప్పుడు, తీగ వదులు చేసుకుంటూ, చాలా మర్యాదగా తెలియజేసింది.

విచిత్రమేమిటంటే ఆ ‘ఛట్’ సరిగ్గా సమం మీద, అంటే తాళపు తొలి దెబ్బ మీద, పడింది. జాజ్ పక్షమూ జానపద పక్షమూ ఎలక్ట్రానిక్ పక్షమూ తొలిసారి ఏకమై, పాటలో అదొక్కటే బాగుందన్నాయి. దాన్ని వేదికపై పలికించడానికి చప్పట్లు, తోలుముక్క, తడిగుడ్డ అన్నీ ప్రయత్నించాం గానీ, చెంపపై దోమ వాలనిదే ఆ నాదం రావడంలేదని డోలాయన తీర్పు చెప్పాడు. అందువల్ల మళ్ళీ అడవికి వెళ్ళాలనీ, ఈసారి ఎవరూ దోమల మందు పూసుకోరాదనీ ఏకగ్రీవంగా నిర్ణయమైంది. ఎవరి చెంప, ఎవరి చెయ్యి అన్న విషయంలోనే సంప్రదాయాల మధ్య చర్చలు ఇంకా సాగుతున్నాయి.