చెరువుకిచ్చే డబ్బు తవ్వకానికి వద్దు

డిసెంబరు సెలవులకు విదేశాల నుంచి హైదరాబాద్‌లో దిగి, ఊరికెళ్లి చెరువు పూడిక తీయిస్తామనే మిత్రులున్నారు. ఆ మనసు గొప్పది. డబ్బు మాత్రం తవ్వకానికి పెట్టవద్దని మా మనవి.

ఎకరం మేర ఒక్క అడుగు పూడిక అంటే 1,200 ఘనపు మీటర్లు దాటుతుంది. ట్రాలీకి 3 చొప్పున 400 ట్రాక్టర్ల మట్టి! అది సర్కారు మోయాల్సిన బరువు. 2015లో మొదలైన తెలంగాణ చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో తవ్వి ట్రాక్టరుకెత్తే ఖర్చు ప్రభుత్వానిది, పొలానికి తోలుకునే ఖర్చు రైతుది. ఒండ్రు వేస్తే చెల్కలో (ఎర్ర ఇసుక నేలలో) తేమ నిలుస్తుంది గనుక రైతులు సొంత డబ్బుతో తోలుకున్నారు. ఎవరి లాభం ఎక్కడుందో తెలిసి పంచిన పని అది.

పైగా, లెక్క లేకుండా తవ్వితే నష్టమే. పొలాలకు నీళ్లు వదిలే తూము మట్టం కంటే కిందికి తవ్విన గుంతలో నీరు నిలుస్తుంది, బోర్లకు ఊట పెరగొచ్చు, కానీ ఆయకట్టుకు చుక్క పారదు. కట్ట పక్కనే తవ్వితే కట్ట కిందినుంచి నీరు కారడం మొదలవుతుంది. అందుకే నీటిపారుదల శాఖ ఇంజనీరు మట్టాలు కొలిచి గుర్తు పెట్టాకే యంత్రం దిగాలి.

అసలు చెరువు చెడేది తవ్వకం అయిపోయాకే. చెరువుకు నీళ్లు తెచ్చే ఫీడర్ ఛానల్ పూడుతుంది, తూము షట్టరు తుప్పుపట్టి బిగుసుకుంటుంది, కట్టమీద సర్కారు తుమ్మ మొలుస్తుంది. పెద్ద చెట్టును నరికి వదిలేస్తే వేర్లు కుళ్లి కట్టలో బొరియలు పడతాయి. మొద్దు పెకలించి, గుంతలో బంకమట్టి పొరలుపొరలుగా వేసి దిమ్మిస చేయాలి. ఇవన్నీ ఏటా మే నెలలో చేయాల్సిన చిన్న పనులు, టెండరుకు అందనివి. ఒకప్పుడు చెరువు నీళ్లు వదిలే నీరటి చూసుకునేవాడు. ఆ నీరటికి జీతం మళ్లీ రావాలి. ఆయకట్టు రైతులు ఎకరానికింత అని వేసుకుంటే, అంతే మొత్తం మీరు కలపండి. ఒక్కసారిగా కాదు, కనీసం మూడేళ్లు, ఏటా పని చూశాకే.

తగాదాలూ ఉంటాయి. మత్స్య సంఘానికి నీళ్లు నిలవాలి, ఆయకట్టుకు పారాలి, శిఖంలో (చెరువు లోపలి భూమిలో) సాగుచేసేవారికి మట్టం తగ్గాలి. మిగులు నీరు పొర్లిపోయే మత్తడి మీద ఇసుక బస్తాలు పేర్చి మట్టం పెంచితే భారీ వర్షానికి కట్టే తెగుతుంది. తూము ఎప్పుడెత్తాలి, ఎంతవరకు దించాలి అన్నది ముగ్గురినీ కూర్చోబెట్టి గ్రామసభ తీర్మానంగా రాయించాలి. అది లేని ఊరికి రూపాయి కూడా పంపకండి.

పంపే దారి కూడా చూసుకోండి. భారత పౌరులైతే విదేశంలో ఉన్నా సొంత సంపాదన నుంచి ఇచ్చేది విదేశీ విరాళం కింద రాదు. విదేశీ పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డున్నవారు ఇచ్చేది వస్తుంది. దాన్ని తీసుకునే సంస్థకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉండాలి, డబ్బు ఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖలోని దాని ఖాతాకే ముందుగా చేరాలి.