పీపీఎం అంకె చూసి విస్కీకి మార్కులు వేయకండి

పీటెడ్ సింగిల్ మాల్ట్ (పీట్ అనే ఎండబెట్టిన చిత్తడి నేల మట్టిని కాల్చిన పొగ పట్టించిన బార్లీతో, ఒకే డిస్టిలరీలో చేసే విస్కీ) గురించి మనవాళ్ల చర్చ ఎక్కడ మొదలైనా చివరికి పీపీఎం (పది లక్షల్లో ఎన్ని వంతులు) అంకె దగ్గరికే చేరుతోంది. స్కాచ్ విస్కీల్లో ఆర్డ్‌బెగ్ 55, లగావూలిన్ 35 దరిదాపులు, కాబట్టి ఆర్డ్‌బెగే గొప్పదని తేల్చేస్తున్నారు. ఈ పద్ధతి తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆ అంకె సీసాలోని విస్కీది కానే కాదు. మొలకెత్తిన బార్లీని పీట్ పొగ మీద ఆరబెట్టాక ఆ గింజలో కొలిచిన ఫినాల్స్‌ది, అంటే పొగ వాసననిచ్చే రసాయనాలది. అక్కడి నుంచి మర పట్టడం, పులియబెట్టడం, రెండుసార్లు బట్టీ పెట్టడం, ఏళ్ల తరబడి ఓక్ పీపాల్లో నిలవ ఉంచడం జరిగేసరికి అందులో చాలా భాగం పోతుంది.

స్కాట్లాండ్‌లోని ఐలా దీవిలో ఉన్న కల్ ఈలా, లగావూలిన్ డిస్టిలరీలనే చూడండి. రెండింటికీ అదే దీవిలోని పోర్ట్ ఎలెన్‌లో తయారైన, ఇంచుమించు ఒకే స్థాయి పీట్ పొగ పట్టిన మాల్టే (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) వెళ్తుంది. అయినా కల్ ఈలా తేలికగా, నిమ్మ తొక్క వాసనతో ఉంటే, లగావూలిన్ చిక్కగా, బరువుగా ఉంటుంది. రాగి స్టిల్ (బట్టీ పెట్టే పాత్ర) ఆకారం, దాన్ని ఎంతవరకు నింపారు, ఎంత నిదానంగా కాచారు, స్పిరిట్ పట్టడం ఏ క్షణాన ఆపారు అన్నవే ఈ తేడాకు కారణం. బరువైన ఫినాల్స్ ధార చివరి భాగంలో వస్తాయి కనుక, ఆపడం కొంచెం ఆలస్యమైతే పొగ పెరుగుతుంది.

లగావూలిన్ 16 ఏళ్లది, 43 శాతం, మూతి సన్నగా ఉన్న గ్లాసులో పోసి పది నిమిషాలు కదపకుండా ఉంచుతాను. మొదట తాకేది టించరు అయొడిన్‌ను తలపించే ఘాటు. చాలామంది ఇక్కడే ఆసుపత్రి వాసన అని గ్లాసు పక్కన పెట్టేస్తారు. వాళ్ల ముక్కు తప్పు చెప్పడం లేదు, ఫినాల్స్‌లో ఒక రకమైన క్రిసాల్స్ వాసన అలాంటిదే. కానీ కాసేపు ఓపిక పడితే ఆ ఘాటు వెనక ఎండు ఖర్జూరం, సముద్రపు ఉప్పు, కట్టెల పొయ్యి మీద కాగిన పాలకు పట్టే పొగచూరిన కమ్మదనం ఒకదాని తర్వాత ఒకటి తెలుస్తాయి. ఈ వరుసనే నేను ముఖ్యంగా చూస్తాను. పొగ తప్ప మరేమీ మిగలని విస్కీకి, దాని అంకె ఎంతైనా, నా దగ్గర మంచి మార్కులు పడవు.

ఐస్ మాత్రం వేయవద్దని వేడుకుంటున్నాను, ఎందుకంటే చల్లదనం వాసనలను అణిచేస్తుంది. నీళ్లు వేరు. పొగ వాసనకు మూలమైన గ్వయకాల్, నీళ్లు కలిపి ఆల్కహాలు తగ్గించినప్పుడు ద్రవం పైభాగానికి చేరుతుందని 2017లో స్వీడన్‌లోని లినేయస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కంప్యూటర్ నమూనాలతో చూపారు. అందుకే చుక్కచుక్కగా అరచెంచా నీళ్లు కలిపి మళ్లీ మొదటి నుంచి వాసన చూస్తాను. రంగుకు మాత్రం ఒక్క మార్కు కూడా ఇవ్వను. స్కాచ్‌లో కారమెల్ రంగు కలపడానికి చట్టమే అనుమతిస్తుంది.

చివరి పరీక్ష మర్నాడు పొద్దున. రాత్రి కడగకుండా ఉంచిన ఖాళీ గ్లాసును వాసన చూస్తాను. కొన్నింటిలో చల్లారిన బూడిద వాసనే ఉంటుంది. లగావూలిన్ గ్లాసులో ఆ బూడిదతోపాటు మాల్టు తీపి కూడా ఇంకా నిలిచే ఉంటుంది.