కొత్త స్టాండర్డ్ ఒక్కటి చూసుకుంటే బగ్ పోదు

"ఫోర్ట్రాన్ కంపైలర్‌లో బగ్ సరిచేసేవాళ్లు తాజా స్టాండర్డ్ చూసుకుంటే చాలు, 77, 95 నాటి రూల్స్ పట్టుకుని వేలాడక్కర్లేదు" అనే మాట ఈమధ్య తెగ షేర్ అవుతోంది. ఫోర్ట్రాన్ ఒక పాత ప్రోగ్రామింగ్ భాష, దాని రూల్స్ పుస్తకమే స్టాండర్డ్, 77, 95, 2003, 2018 దాని వెర్షన్లు. కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చేది కంపైలర్. జీసీసీ అనే ఉచిత కంపైలర్ల సముదాయంలోని ఫోర్ట్రాన్ కంపైలర్, జీఫోర్ట్రాన్ వరకూ చూస్తే ఇందులో ఏ ముక్కా నిలబడదు.

మొదటి వాదన: స్టాండర్డ్ తీసేసింది కాబట్టి కంపైలర్ కూడా తీసేయాలట. అరిథ్‌మెటిక్ ఇఫ్ సంగతే చూడండి. విలువ సున్నా కంటే తక్కువైతే ఒక లేబుల్‌కి, సున్నా అయితే ఇంకోదానికి, ఎక్కువైతే మూడోదానికి దూకే పాత స్టేట్‌మెంట్ అది. ఫోర్ట్రాన్ 2018 దాన్ని తొలగించింది. జీఫోర్ట్రాన్ మాత్రం మామూలుగా అయితే వార్నింగ్ ఇచ్చి కంపైల్ చేస్తుంది, ఎఫ్2018 మోడ్ పెట్టి ఆ స్టాండర్డ్‌నే పాటించమని గట్టిగా అడిగితే ఎర్రర్ ఇస్తుంది, పాత కోడ్‌ని ఒప్పుకునే లెగసీ మోడ్ అంటే కిమ్మనదు. ఒకే లైనుకి మూడు జవాబులు, మూడూ సరైనవే. ఆ కోడ్‌లో చెయ్యి పెట్టినవాళ్లు మూడూ చెడకుండా చూసుకోవాలి.

రెండోది, కొత్తది సరిగ్గా పనిచేస్తే పాతది దానంతటదే సరిపోతుందనడం. ఇదే అసలు ప్రమాదం, ఎందుకంటే వినగానే నిజమే అనిపిస్తుంది. 5 ఎలిమెంట్లున్న అలొకేటబుల్ అర్రేకి (ప్రోగ్రామ్ నడుస్తుండగా సైజు పెట్టుకునే విలువల వరుసకి) 8 ఎలిమెంట్లున్నదాన్ని అసైన్ చేశారనుకోండి. ఫోర్ట్రాన్ 2003 ప్రకారం ఎడమవైపు అర్రే 8కి మారిపోవాలి. 95లో ఆ సదుపాయమే లేదు, రెండు వైపులా సైజు సరిపోయేలా చూసుకోవడం ప్రోగ్రామర్ బాధ్యత. అందుకే ఎఫ్95 మోడ్‌లో జీఫోర్ట్రాన్ ఈ రీఅలొకేషన్‌ని, అంటే సైజు దానంతటదే మార్చడాన్ని, ఆపేసి ఉంచుతుంది. అసైన్‌మెంట్ బగ్ సరిచేస్తూ ఏ మోడ్ పెట్టారో చెప్పే ఫ్లాగ్ చూడకుండా అన్ని మోడ్‌లకీ రీఅలొకేషన్ పెట్టేస్తే ఒక బగ్ తీసి ఇంకోటి పెట్టినట్టే.

ఇక పాత కోడ్ ఎవరు వాడుతున్నారు అంటారా? ఫోర్ట్రాన్‌లో రాసిన లీనియర్ ఆల్జీబ్రా లైబ్రరీ లాపాక్ లేకుండా సైంటిఫిక్ కంప్యూటింగ్ ఎక్కడ నడుస్తోందో చెప్పండి. 2020లో జీసీసీ 10 వచ్చినప్పుడు, ఒకే సబ్‌రొటీన్‌ని ఒకచోట రియల్ (దశాంశ సంఖ్య)తో, ఇంకోచోట ఇంటీజర్ (పూర్ణాంకం)తో పిలిచే కోడ్‌కి ఎర్రర్ ఇవ్వడం మొదలైంది. అది 77లో కూడా తప్పే, కంపైలర్ పట్టుకోవడం న్యాయమే. అయినా ఎన్నో పాత ప్యాకేజీల బిల్డ్‌లు ఆగిపోతాయని తెలుసు కాబట్టే, ఎర్రర్‌ని వార్నింగ్‌గా తగ్గించే ఆప్షన్ కూడా దానితోపాటే ఇచ్చారు. బాధ్యతగా సరిచేయడమంటే అదీ.

కాబట్టి ప్యాచ్ (సరిచేసిన కోడ్) పంపేముందు, తప్పు దొరికిన మోడ్‌లోనే కాకుండా ఎఫ్95, లెగసీ మోడ్‌లలో కూడా అదే ఉదాహరణ నడిపి, ఏ మోడ్‌లో ఏ మెసేజ్ రావాలో టెస్ట్ ఫైల్‌లోనే రాసి జతచేయండి.