కారు మోక్షానికి మూడు దారులు

ప్రభుత్వం పనులు ఆలస్యం చేస్తుందని గిట్టనివాళ్లు అంటుంటారు. వాళ్లు ఒక్కసారి హైదరాబాద్‌లో ఏ అమీర్‌పేటలోనో, కోఠీలోనో రోడ్డు పక్కన కారు ఆపి మందుల షాపుకు వెళ్లి రావాలి. దరఖాస్తు పెట్టనక్కర్లేదు. మీసేవలో నిలబడనక్కర్లేదు. పైవాళ్ల సంతకం కోసం ఫైలు ఆగదు. షాపువాడు చిల్లర లెక్కపెట్టేలోపు ట్రాఫిక్ పోలీసుల క్రేన్‌కు వేలాడుతూ కారు లేచి వెళ్లిపోతుంది. రేషన్ కార్డు కోసం చెప్పులరిగేలా తిరిగిన మనిషికి ఈ వేగం చూస్తే కళ్లు చెమర్చాలి నిజానికి.

కారు ఎటు పోయిందో చెప్పే బాధ్యత మాత్రం చెరుకు రసం బండివాడిది. "గిప్పుడే లేపుకపోయిన్రన్నా. ఓనర్ దవాఖాన్ల ఉన్నడని చెప్పిన, ఇన్లే." జీతం, యూనిఫాం లేకుండా ఈ నగరంలో ఇరవై నాలుగు గంటల సమాచార కేంద్రాన్ని నడుపుతున్న మహానుభావుడతను. అతను లేనిచోట, కారు దొంగలెత్తుకెళ్లారో పోలీసులెత్తుకెళ్లారో తేల్చుకోవడానికే సగం రోజు పడుతుంది.

సరే, కారు యార్డు చేరింది. మోక్షానికి పెద్దలు మూడు మార్గాలు చెప్పారు: జ్ఞానం, భక్తి, కర్మ. యార్డులోని కారుకూ ఇవే శరణ్యం.

జ్ఞానమార్గంలో వెళ్లేవాడు ఆటో ఎక్కగానే ఫోన్‌లో మోటారు వాహనాల చట్టం, 1988 తెరుస్తాడు. సెక్షన్ 127 దగ్గర అతని ముఖం వెలిగిపోతుంది. బహిరంగ స్థలంలో బండిని పది గంటలు, అంతకు మించి వదిలేసినా, చట్టప్రకారం పార్కింగ్ నిషేధించిన చోట పెట్టినా తీసుకెళ్లవచ్చు. కానీ అందుకు యూనిఫాంలో ఉన్న, ఆ పరిధికి చెందిన పోలీసు అధికారి అనుమతి ఉండాలి. "నా కారును లేపింది టీషర్టు వేసుకున్న కుర్రాళ్లు!" అని జ్ఞాని ఆటోలోనే గెలిచేస్తాడు. నిజమే, కారు కిందికి వంగి గొలుసు తగిలించింది కుర్రాళ్లే. కానీ క్రేన్ ముందు సీట్లో యూనిఫాం కూర్చునే ఉంది. చట్టం యూనిఫాం ఉండాలంది గానీ, అది బండి దిగాలని ఎక్కడా అనలేదు.

తర్వాతి వాదం బోర్డు. నో పార్కింగ్ బోర్డు ఉంది, కాకపోతే స్థానిక నాయకుడి జన్మదిన శుభాకాంక్షల ఫ్లెక్సీ వెనకాల ఉంది. ఈ వాదం గట్టిదే. అయితే జంక్షన్ దగ్గర, బస్టాప్ ముందు, ఫుట్‌పాత్ మీద, ఆస్పత్రి గేటుకు అడ్డంగా, ఇంకో బండి పక్కన రెండో వరసలో పెట్టి ఉంటే నోరెత్తకపోవడమే మంచిది. అక్కడ బోర్డు ఉన్నా లేకున్నా డ్రైవింగ్ నియమాలు ఒప్పుకోవు. లేపుకెళ్లిన బండ్లలో చాలావాటికి ఆ శాస్తి జరగాల్సిందే. అంబులెన్స్ వెనకాల ఒకసారి ఇరుక్కున్నవాడెవడూ కాదనడు.

మన అదృష్టం కొద్దీ ఇక్కడ మనిషి దిగాకే కారు లేపుతున్నారు. 2017లో ముంబయిలో లోపల కూర్చుని తల్లి బిడ్డకు పాలిస్తుండగా కారును లాక్కెళ్లారు. వీడియో బయటికొచ్చి కానిస్టేబుల్ సస్పెండయ్యాడు. 2021లో పుణెలో బైకును దాని మీద కూర్చున్న మనిషితో సహా గాల్లోకి లేపారు. గొడవలు ముదిరి 2022లో బెంగళూరులో టోయింగే ఆపేశారు.

జ్ఞాని స్టేషన్ చేరాడు.

"సార్, సెక్షన్ 127 ప్రకారం..."

"ఆర్సీ ఉందా?"

"కార్లో ఉంది సార్."

"ఆర్సీ చూపిస్తే కారు ఇస్తాం."

"కారు ఇస్తే ఆర్సీ చూపిస్తా సార్."

ఉపనిషత్తులు ఇంతకంటే లోతుగా వెళ్లలేదు. ఫోన్‌లో పత్రాలు దాచుకునే డిజీలాకర్‌లో చూపించినా చెల్లుతుందని కేంద్రం 2018లోనే చెప్పింది. కానీ సెక్షన్లు చదివీ చదివీ ఫోన్ చార్జింగ్ నాలుగు శాతానికి వచ్చింది. చార్జర్ ఎక్కడుందో వేరే చెప్పాలా?

"ఒప్పుకోకపోతే కోర్టుకు వెళ్లండి, మీ హక్కు" అంటారు కౌంటర్‌లో, ఎంతో మర్యాదగా. అబద్ధం కాదు. చలాన్ అక్కడికక్కడే కట్టి రాజీపడాలని బలవంతమేమీ లేదు. కాదంటే వ్యవహారం మేజిస్ట్రేటు ముందుకు వెళుతుంది. కాకపోతే ఆ హక్కు ఫంక్షన్ హాల్లో ఫైర్ ఎగ్జిట్ లాంటిది. ఉంటుంది, తాళం వేసి ఉంటుంది. లెక్క మీరే వేసుకోండి. సాధారణ ఉల్లంఘనకు చట్టంలో జరిమానా ఒకప్పుడు 100 రూపాయల దాకా, 2019 సవరణ తర్వాత మొదటిసారైతే 500 దాకా. తెలంగాణ ఆ పెంపును అప్పట్లో అమలు చేయనంది. దీనిపైన క్రేన్ ఖర్చు. బండిని లాక్కెళ్లిన ఖర్చు యజమానే భరించాలని అదే సెక్షన్ 127 చెబుతుంది. ఈ మొత్తం మిగల్చడానికి ఒకరోజు సెలవు, నాంపల్లి కోర్టుకు ఆటో, వకీలు ఫీజు, వాయిదా పడితే ఇంకో సెలవు. ఈ జరిమానాను లెక్కకట్టిన మహానుభావుడెవరో గానీ మనిషి మనసు చదివినవాడు. కోపం వచ్చేంత ఎక్కువ పెట్టాడు, కోర్టుకు వెళ్లేంత ఎక్కువ పెట్టలేదు. అందుకే న్యాయం మనవైపున్న కేసులు కూడా కౌంటర్ దగ్గరే రాజీ అయిపోతాయి, టోయింగ్ తప్పని ఎవరూ తీర్పు చెప్పాల్సిన అవసరం రాదు.

భక్తిమార్గం వేరు. ఇందులో చట్టం చదవక్కర్లేదు, ఫోన్ కలపాలి. బావమరిది స్నేహితుడి అన్న, కార్పొరేటర్ గారి పీఏ. "మనవాడే తమ్ముడూ, చూడు కొంచెం." అసలైన భక్తులు అంతదాకా కూడా రానివ్వరు, అద్దం మీద స్టిక్కర్ అంటించుకుంటారు. రెండున్నర టన్నుల నల్ల ఎస్‌యూవీ అదే రోడ్డులో అడ్డంగా నిలబడి ఉంటుంది, దాని వెనకాల బుద్ధిగా ఆగిన ఆల్టో గాల్లోకి లేస్తుంది. బరువు తేడా వల్లేనని క్రేన్ వాళ్లు చెబితే నమ్మడం మన సంస్కారం. భక్తిలో ఒక్కటే చిక్కు, దేవుడికి మొక్కు తీర్చాలి. కారు విడిపించినందుకు వచ్చే పుట్టినరోజుకు ఫ్లెక్సీ మనమే కట్టించాలి. ఆ ఫ్లెక్సీ ఏ బోర్డుకు కడతారో తెలిసిందే.

మిగిలింది కర్మ. డబ్బు కట్టి, రసీదు తీసుకుని, తాళం తిప్పడం. తిప్పేముందు బంపర్ కిందా, చక్రాల దగ్గరా ఫోటోలు తీసుకోండి, గేటు దాటాక కనపడే గీతలన్నీ పూర్వజన్మవే అంటారు. డబ్బు కట్టేటప్పుడు పాత చలాన్లూ బయటపడతాయి. ఎప్పటికప్పుడు బుద్ధిగా కట్టేసినవాడికి ఇక్కడ చిన్న బాధ ఉంది. 2023 చివర్లో తెలంగాణలో పెండింగ్ చలాన్లకు రాయితీ ఇచ్చినప్పుడు కార్లకు 60 శాతం, టూవీలర్లకు 80 శాతం తగ్గించారు. కట్టకుండా కూర్చున్నవాడికి పుణ్యం, కట్టినవాడికి రసీదు. కర్మ సిద్ధాంతంలో ఇది ఏ అధ్యాయమో పండితులు చెప్పాలి.

ఇంతకీ విడిపించిన కారును రేపు ఎక్కడ ఆపాలి? కట్టిన స్థలంలో ఇంత శాతం పార్కింగ్‌కు వదలాలని 2012 నాటి భవన నియమాల్లో, అదే జీవో 168లో, స్పష్టంగా ఉంది. ప్లాన్‌లో వదిలారు కూడా. ఆ సెల్లార్‌లో ఇప్పుడు డయాగ్నస్టిక్ ల్యాబ్ ఉంది, జిరాక్స్ షాపుంది, మీరు మాత్రలు కొన్న మందుల షాపుంది. సెల్లార్‌కు చక్రాలు లేవు కాబట్టి క్రేన్ దాని జోలికి పోదు.

కాబట్టి చట్టానికి కట్టుబడే పౌరులకు నా సలహా ఇది. కారును దగ్గర్లోని మాల్‌లో పెట్టండి. 2018లో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన జీవో ప్రకారం మొదటి 30 నిమిషాలు ఉచితం. అక్కడి నుంచి మందుల షాపుకు నడవండి. ఫుట్‌పాత్ మీద బైకులుంటాయి, రోడ్డు మీదే నడవాలి. రానూపోనూ అరగంట దాటితే మాల్‌లో ఏదైనా కొన్న బిల్లు చూపించాలి, అందుకని ముందే మల్టీప్లెక్స్ కౌంటర్‌లో ఒక పాప్‌కార్న్ తీసుకోండి. పెద్దది తీసుకుంటే చలాన్‌కు దగ్గర్లోనే అవుతుంది, కానీ తినడానికైనా పనికొస్తుంది.