మూడో సిలిండర్ పిస్టన్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ మారుతి 800 మూడో సిలిండర్ పిస్టన్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. మీరు కుశలంగా లేరని సైలెన్సర్‌లోంచి వచ్చే నీలం పొగ వీధంతా చాటుతోంది. ప్లగ్గు ఆయిల్‌తో తడిసి ఉంది. ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) మళ్లీ చూస్తే గేజ్ ముల్లు లేచింది, అంటే ఆయిల్ రింగుల సందును మూసింది. కాబట్టి వాల్వుల మీద అనుమానం తగ్గింది. దోషం మీదో, మీ రింగులదో, మీరు తిరిగే సిలిండర్ లోపలి గోడ అయిన బోర్‌దో.

యజమాని మాత్రం తీర్పు ఇచ్చేశారు: "ఒక్క పిస్టనే కదా, ఆదివారం ఇంట్లోనే మార్చేద్దాం." 68.5 మిల్లీమీటర్ల మీ వెడల్పు చూసి పని కూడా అంతేననుకున్నారు.

ఆ పని కోసం కూలెంట్, ఆయిల్ వంపాలి, మార్కులు చూసుకుని టైమింగ్ బెల్టు విప్పాలి, పైన హెడ్డూ, కింద చాంబరూ (ఆయిల్ తొట్టి) దించాలి. హెడ్డు బోల్టులు ఇంజిన్ చల్లారాకే, చివరల నుంచి మధ్యకు, కొద్దికొద్దిగా వదులు చేయాలి. వేడి మీద ఓ మూల నుంచి లాగేస్తే అల్యూమినియం హెడ్డు వంగి కూర్చుంటుంది. మిమ్మల్ని క్రాంక్ షాఫ్టుకు కలిపే రాడ్డు, దాని క్యాపు జంట. నంబరు వేసుకోకుండా విప్పి కలిపేస్తే ఆ బేరింగ్ బతకదు. రాడ్డు బోల్టులకు రబ్బరు గొట్టం ముక్కలు తొడగకపోతే క్రాంక్ జర్నల్ (బేరింగ్ కూర్చునే నున్నటి భాగం) గీసుకుంటుంది. బోర్ పై అంచున అరగని గట్టు ఒకటి ఉంటుంది. దాన్ని ఉంచి కొత్తవారిని దింపితే మొదటి చుట్టులోనే పై రింగు తగిలి విరుగుతుంది.

బయటికొచ్చాక మీకు పోస్టుమార్టం ఎవరూ చేయరు, మిమ్మల్ని పాత ఇనుములో పడేస్తారు (మీరు అల్యూమినియం అయినా సరే). చేస్తే తెలిసేది ఇదీ: స్కర్టు (మీ కింది పక్క గోడ) మీద పిన్నుకు అటూ ఇటూ నాలుగు మూలలా గీతలుంటే ఇంజిన్ వేడెక్కింది. నెత్తి కరిగి చిల్లు పడితే ఇగ్నిషన్ టైమింగ్ ముందుకు జరిగిందో, గాలిలో పెట్రోల్ పాలు తగ్గిందో. రింగు గాడుల మధ్య గోడ విరిగితే నాకింగ్ (పెట్రోల్ అదుపు తప్పి పేలడం), లేదా రింగు గ్యాప్ చాలక కొనలు వేడికి ఒకదాన్నొకటి పొడుచుకోవడం.

ఆపైన బోర్‌ను పైన, మధ్యన, కింద, రెండు దిశల్లో కొలవాలి. తేడా 0.10 మిల్లీమీటర్లు దాటినా, గోరుకు తగిలే గీత ఉన్నా, ఇంట్లో పని అక్కడితో సరి. బ్లాకును లేత్ షాపుకి, విజయవాడ అయితే ఆటోనగర్‌కి మోసుకెళ్లి మూడు బోర్లూ ఒకే ఓవర్‌సైజుకి (అసలు కంటే కాస్త పెద్ద కొలతకి) చేయించాలి. పిస్టన్లు ముందు కొని, వాటి కొలత ప్రకారం బోర్ చేయించాలి. యజమాని ఎప్పటిలాగే తిరగేసి చేస్తారు.

కొత్త రింగును ఒక్కదాన్నే బోర్‌లోకి దింపి, పిస్టన్ నెత్తితో సమంగా నెట్టి, ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే పలుచని రేకులతో) గ్యాప్ చూడాలి. పై రెండు రింగులకు 0.2 నుంచి 0.35 మిల్లీమీటర్ల మధ్య ఉంటే చాలు. అక్షరాలున్న ముఖం పైకి, గ్యాపులు ఒకదాని కింద ఒకటి రాకుండా. రింగులను నొక్కిపట్టే రింగ్ కంప్రెసర్ బిగించి సుత్తి కర్ర పిడితో తట్టాలి. ఎక్కడైనా ఆగిందా, ఏదో ఒక రింగు బయటికి పొడుచుకొచ్చి ఉండొచ్చు. ఆ క్షణంలోనే యజమాని "ఇంకొంచెం గట్టిగా" అంటారు.

ఇట్లు,
ఇదే ఇంజిన్ కనెక్టింగ్ రాడ్

తా.క.: మిమ్మల్ని మాడ్చిన రేడియేటర్ ఫ్యాన్ స్విచ్ అదే కారులో, అదే పదవిలో కొనసాగుతోంది. మీ వారసుడికి ఆర్డర్ వెళ్లింది: 0.25 మిల్లీమీటర్ల ఓవర్‌సైజ్, ఒక్కటి. బోర్ ఇంకా ఎవరూ కొలవలేదు.