వాషర్ పోయిన విరహం

ఆవిడ: అర్ధరాత్రి బాత్రూమ్ గుమ్మంలో కుర్చీ వేసుకుని ఏం చేస్తున్నారండీ?

ఆయన: ష్... పల్లవి వస్తోంది, విను. "చుక్క చుక్కగా రాలుతోంది నా ఏకాంతం..."

ఆవిడ: రాలుతున్నది ఏకాంతం కాదు, కుళాయి. వాషర్ పోయిందని మూడు వారాలుగా మొత్తుకుంటున్నాను.

ఆయన: ఆ టప్ టప్‌లో లయ ఉందోయ్! ఇప్పుడు బాగుచేయిస్తే పాట టెంపో పోతుంది.

ఆవిడ: పాట పూర్తయ్యేలోపు ట్యాంకు ఖాళీ అవుతుంది. సరే, రెండో లైనేంటి?

ఆయన: (పెళ్లయ్యాక ఆవిడ రెండో లైను అడగడం ఇదే మొదటిసారి, పాపం పొంగిపోయాడు) "మౌనంగా నువ్వెళ్లిపోయిన ఆ సాయంత్రం..."

ఆవిడ: ఎవరది?

ఆయన: ఎవరేంటి?

ఆవిడ: వెళ్లిపోయిందెవరు? నేనైతే ఏనాడూ ఏ గదిలోంచీ మౌనంగా వెళ్లలేదు.

ఆయన: అదీ నిజమే. అబ్బా, పాటలో బాధ మనదైతే చాలు, మనిషి ఉండక్కర్లేదు. ఏకాంతానికి సాయంత్రం అంత్యప్రాస కుదిరింది, సాయంత్రం వచ్చాక ఎవరో ఒకరు వెళ్లిపోవాలి కదా, అందుకని పంపించేశా.

ఆవిడ: ప్రాస కోసం ఓ ఆడమనిషిని తెచ్చి మరీ వెళ్లగొట్టారన్నమాట.

ఆయన: నీకు తెలీదు. బీటిల్స్ బ్యాండు గాయకుడు పాల్ మెకార్ట్నీకి 'యెస్టర్డే' పాట ట్యూన్ నిద్రలో వచ్చింది, లేచి పియానో మీద వాయించుకున్నాడు, మాటలు తట్టక 'స్క్రాంబుల్డ్ ఎగ్స్' అని పాడుకుంటూ తిరిగాడు! 1965లో రికార్డు చేసేనాటికి గుడ్లు పోయి బాధ వచ్చింది.

ఆవిడ: ఆయనకి నిద్రపోతే వచ్చింది. మీరూ పోండి.

ఆయన: చరణం దగ్గర ఇరుక్కున్నానే. ట్యూన్ ఉంది, మీటర్ ఉంది, తానన తానన అని ఎంతసేపు పాడను? పుస్తకాల భాష కాకుండా కడుపులోంచి తన్నుకొచ్చిన మాట కావాలి.

ఆవిడ: కడుపులోంచా? "పదిసార్లు చెప్పాను పట్టించుకున్నారా, పలకరే ఉలకరే పక్కకైనా చూడరే!"

(టప్. టప్. టప్. టప్. చుక్కల మీద అచ్చంగా కూర్చుంది.)

ఆయన: మళ్లీ అను!

ఆవిడ: అది తిట్టండీ.

ఆయన: ప-కి ప, యతి కూడా పడింది! నేను మూడు వారాలుగా జుట్టు పీక్కుంటుంటే నువ్వు ఒక్క ఊపిరిలో...

ఆవిడ: ఒక్క ఊపిరేంటి, పద్నాలుగేళ్ల సాధన. రచన అని నా పేరు వెయ్యండి.

ఆయన: ఇద్దరి పేర్లూ వేద్దాం.

ఆవిడ: మాటలు నావి, తాళం కుళాయిది. మధ్యలో మీరెవరు?

(లోపలికెళ్లి గోడ దగ్గరున్న వాల్వు కట్టేసింది. టప్ ఆగిపోయింది.)

ఆయన: అయ్యో, ఇంకా రెండో చరణం ఉంది!

ఆవిడ: మౌనం కావాలన్నారుగా, రాసుకోండి. వెళ్లిపోతున్నాను.

(పడకగది తలుపు దభేల్మంది.)

ఆయన: అబ్బ, ఏం బీటు! ఏమోయ్... ఇంకొక్కసారి వెయ్యవూ?