మంచి నవలలు యాడున్నాయ్ అంట మా బావకు

పొద్దున టవర్‌క్లాక్ దగ్గర ఉగ్గాని బజ్జీ తింటాంటే మా బావ ఒక మాట అన్న్యాడు, ఇప్పటికీ కడుపు మండుతానే ఉంది. "ఈ కాలంలో చదివేకి మంచి నవలలు యాడున్నాయ్ లేప్పా" అంట. అంటానే బజ్జీ నూనె చేత్తో రీల్స్ తోసుకుంటాన్నాడు.

యాడున్నాయా! శప్తభూమి నవలకి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, మన సీమలో ఏలిన హండే రాజుల కాలం కథ, రాసిన బండి నారాయణస్వామి మన అనంతపురమాయనే అని చెప్తే "ఏ వీధి?" అంటాడు. కొండపొలం సినిమా చూసినాడంట. అది కడప జిల్లా సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవలప్పా అంటే "ఓ, నవల గూడా తీసినారా" అన్న్యాడు. తీసినారంట! ఇంగ ఏం చెప్పల్ల.

మా అమ్మ వారపత్రికల్లో సీరియల్ పేజీలు కత్తిరించి, దబ్బనంతో కుట్టి దాచేది. ఒకదాంట్లో చివరి రెండు వారాలు మిస్సు, ఆ పిల్ల పెళ్ళి ఎవురితో అయిందో మా ఇంట్లో ఇప్పటికీ ఎవురికీ తెల్దు. ఇప్పుడేమో ఆర్కైవ్ డాట్ ఆర్గ్ తెరిస్తే మాస్కోలోని రాదుగ అనే పుస్తకాల ప్రచురణ సంస్థ వాళ్ళ తెలుగు అనువాదాలు ఊరికే చదువుకోవచ్చు, ఊరికే పుస్తకాలిచ్చే ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ అయితే 1971 నుంచి నడుస్తాంది, టాల్‌స్టాయ్ పెద్ద నవలలు ఇంగ్లీషులో పైసా ఖర్చు ల్యా. మన దేశంలో రాసినాయన పోయి 60 ఏండ్లు దాటితే హక్కులు గూడా అడిగేటోళ్ళుండరు. రోజూ రెండు జీబీ డేటా అయిపోయిందని మా బావ నా హాట్‌స్పాట్ అడుగుతాడు గదా, అదంతా యాడికి పోతాందో.

అయినా అసలు ఆయనకు ఆ మాట అనేకి నోరెట్లా వచ్చింది అంట నేను. 2008లో నా దగ్గర మాస్కో అచ్చు నవల, గట్టి అట్టది, "వారంలో ఇస్తా" అని తీసుకపోయినాడు. మొన్న అక్క ఓళిగలు చేసినా రారా అంటే పోయినా. షోకేసులో, కొండపల్లి బొమ్మల పక్కన, కూచోనుంది. తీసి చూస్తే మొదటి పేజీలో నా పేరు కొట్టేసి ఆయన చిట్టీల రబ్బరు స్టాంపు! వెనకట్ట లోపల పాల లెక్క. మధ్యలో ఒక్క పేజీ నలగల్యా. అక్క ముందర ఏమంటాం, గమ్ముగా ఓళిగ తిని వచ్చినా.

బావా, ఈ పోస్టు చూస్తావని తెలుసు. స్టాంపు ఉన్నా పర్వాల్యా, పుస్తకం పంపియ్యి. బజ్జీ డబ్బులు గూడా నేనే కట్టినా.